ఫోనుకు పంపని పాత చీటీ

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా ఉరవకొండ. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. మా అత్తయ్యకు 61 ఏళ్ళు. షుగరు వచ్చి పన్నెండేళ్ళు, బీపీ వచ్చి ఐదేళ్ళు. మెట్‌ఫార్మిన్ 1000 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, బీపీకి టెల్మిసార్టన్ వాడేవారు. పోయిన నెల పరీక్షలు చేయిస్తే మూడు నెలల షుగరు 7.9, క్రియాటినిన్ 1.7, హిమోగ్లోబిన్ 9.2 వచ్చాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మరిది రిపోర్టు ఫోటో పంపమని, ఫోనులోని కృత్రిమ మేధకు చూపించాడు. మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గించాల్సి రావచ్చు, డాక్టరును అడగండి అని అది చెప్పిందట. ఆ మాట వినగానే అత్తయ్య మాత్ర పూర్తిగా మానేశారు. ఇరవై రోజులైంది. అనంతపురం వెళ్దామంటే రారు. 'అక్కడ రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూస్తారు, నా కొడుకు ఫోను అరగంట ఓపికగా చెబుతుంది' అంటారు. ఆహారం పట్టిక కూడా ఫోనే ఇచ్చింది. ఈమధ్య చూపు మసకగా ఉందంటే కంటి ఫోటో తీసి పంపమన్నాడు మరిది. మోకాళ్ళ నొప్పులకు రోజూ మందుల షాపు నుంచి తెచ్చుకునే మాత్ర తప్ప వేరే మందులేవీ లేవు. ఆరు నెలల కిందటి చీటీలో క్రియాటినిన్ 1.1 అని ఉంది, పాతదే కదా అని పంపలేదు. ఇక ముందు డాక్టర్లకు బదులు ఫోన్లే వైద్యం చేస్తాయా? మేము ఎవరి మాట వినాలి?
ఒక కోడలు, ఉరవకొండ

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు, ఉత్తరం చివర్లో మాట వరసకు రాసిన మోకాళ్ళ నొప్పి మాత్ర సంగతి. దాన్ని ఈరోజే ఆపించండి. మిగిలినవి పారేయకండి, ఆ స్ట్రిప్పు డాక్టరుకు చూపించాలి. ఈ పని చేసి వచ్చి మిగతాది చదవండి.

మందుల షాపులో మోకాళ్ళ నొప్పులంటే చేతిలో పెట్టేవి చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి మాత్రలు. ఇవి నొప్పితో పాటు మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని కూడా తగ్గిస్తాయి. పడుచువాళ్ళు నాలుగు రోజులు వేసుకుంటే శరీరం సర్దుకుంటుంది. మీ అత్తయ్యవి పన్నెండేళ్ళ షుగరుతో అలసిన మూత్రపిండాలు. పైగా టెల్మిసార్టన్ వాడకం. ఆ పైన మన అనంతపురం ఎండలు, దాహం వేస్తే తప్ప నీళ్ళు తాగని అలవాటు. ఇన్నింటి మీద రోజూ ఆ మాత్ర పడితే సర్దుకోవడానికి ఇక చోటెక్కడిది? టెల్మిసార్టన్ చెడ్డ మందేమీ కాదు, షుగరు ఉన్నవారి మూత్రపిండాలకు అది కాపు కూడా. నొప్పి మాత్రతో జత కలిసినప్పుడే తంటా. కాబట్టి బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

ఇక ఆ అంకెలు. 1.1 నుంచి 1.7 అంటే పెరిగింది ముష్టి ఆరు పాయింట్లే కదా అనిపిస్తుంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కసరత్తు చేసే కుర్రవాడి ఒంట్లో 1.1 ఉంటే ఎవరూ పట్టించుకోరు. అరవై దాటిన ఆడమనిషిలో అదే 1.1 ఉంటే వడపోత అప్పటికే తగ్గిందని అర్థం. వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్క కడితే ఆరు నెలల క్రితం ఆమె మూత్రపిండాల వడపోత (రిపోర్టుల్లో ఈజీఎఫ్‌ఆర్ అని రాసే అంకె) 57 దగ్గర ఉండేది. ఇప్పుడు 34 దగ్గర ఉంది. ఒక ల్యాబుకూ ఇంకో ల్యాబుకూ కొంత తేడా వస్తుంది, అందుకే పరీక్ష మళ్ళీ చేయించాలి. అయితే ఇంత తేడాను ల్యాబు మీదకు నెట్టి ఊరుకునే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు మీ మరిది ఫోను దగ్గరికి వద్దాం. అది చెప్పింది తప్పని నేను అనలేను. వడపోత 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ తగ్గిస్తాం, 30 కంటే తగ్గితే ఆపేస్తాం. మా వైద్యపుస్తకాలు చెప్పేదీ అదే. డాక్టరును అడగమని కూడా చెప్పింది పాపం. ఆ మాట బెంగళూరులో బయలుదేరి ఉరవకొండ చేరేసరికి సగం దారిలో రాలిపోయింది. 'తగ్గించాల్సి రావచ్చు, అడగండి' అన్నది మీ అత్తయ్య చెవిలో 'మానెయ్యి' అయింది.

ఫోనుకు ఒక్క కాగితం చూపించారు. ఆ కాగితం మీద ఉన్నంతవరకు అది సరిగ్గానే చదివింది. కాగితం మీద లేనివి రెండు. పాత చీటీలోని 1.1, నొప్పి మాత్ర. మొదటిది తెలిస్తే ఇది పాత జబ్బు మెల్లగా ముదరడం కాదేమో, ఈమధ్య ఏదో జరిగిందేమో అన్న అనుమానం పుడుతుంది. రెండోది తెలిస్తే ఆ జరిగింది ఏమిటో తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలను పాడుచేయదమ్మా. అవి పాడైతే ఒంట్లో పేరుకుపోతుందని తగ్గిస్తాం, అంతే. మీ ఇంట్లో అపరాధి తప్పించుకున్నాడు, పక్కన నిలబడ్డవాడికి శిక్ష పడింది.

'మరి ఫోను ఆ ప్రశ్న అడగాల్సింది కదా' అని మీ మరిది అంటాడు. కొన్ని ప్రోగ్రాములు అడుగుతాయి కూడా. జవాబు చెప్పేదెవరు? బెంగళూరులో ఉన్న కొడుకు. అమ్మ రోజూ పొద్దున సంగటి తిన్నాక ఏ మాత్ర మింగుతుందో అతనికేం తెలుసు? పోనీ ఆమెనే అడిగినా 'ఇంకే మందులూ లేవు' అనే అంటుంది. ఇది అబద్ధం కాదు. మన వైపు డాక్టరు రాసిందే మందు. షాపు నుంచి తెచ్చుకునే నొప్పి మాత్ర వక్కాకు లెక్క, దాన్ని ఎవరూ మందుల్లో కలపరు. మీరు కూడా 'అది తప్ప వేరే మందులేవీ లేవు' అనే రాశారు చూడండి. 'ఇంకేమైనా మందులు వాడుతున్నావా' అని అడగడం మానేసి, 'నొప్పికి ఏం వేసుకుంటావమ్మా' అని అడగాలని తెలియడానికి నాకు పదేళ్ళ సర్వీసు పట్టింది.

ఈ సంగతి ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో ఆ అంకెల వెనక కథ తెలిసిన మనిషి మీరు ఒక్కరే. ఫోను మిమ్మల్ని అడగలేదు. మరిది అడగలేదు. డాక్టరు కూడా మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టి ఉంటారు. ఈసారి లోపలికి వెళ్ళి, కుర్చీ పక్కన నిలబడి మాట్లాడండి.

ఇంకో పని మీరు ఈ పూటే చేయవచ్చు. అత్తయ్యను కూర్చోబెట్టి, మోకాలి కింద ముందు వైపు ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి తీయండి. చర్మం మీద గుంట నిలిచిపోతే ఒంట్లో నీరు చేరుతోందన్న మాట. ఈ విద్య నాకు గుర్తు చేసింది ఒక నర్సమ్మ. నా ఉద్యోగమంతా పెద్దాసుపత్రుల్లోనే గడిచింది. ఒక పూట ఓపీలో చీటీల కట్ట ముందు పెట్టుకుని, ఒకావిడ రక్తపరీక్షలు చదివి 'బాగున్నాయి, వెళ్ళు' అన్నాను. ఆవిడ లేచి నడుస్తుంటే వెనక నిలబడ్డ నర్సమ్మ 'సార్, చెప్పు వారు కాలిలోకి దిగిపోయింది చూడండి' అంది. నొక్కితే నా బొటనవేలి ముద్ర పడి అలాగే ఉండిపోయింది. ఆ రోజు నేను చేసిన పనికీ మీ మరిది ఫోను చేసిన పనికీ తేడా ఏమీ లేదు. ఇద్దరమూ కాగితమే చూశాం.

రెండు నిమిషాలు చూస్తారన్న మీ అత్తయ్య మాట అందుకే నాకు తగిలింది. ఫోను గెలుస్తున్నది జ్ఞానంతో కాదు, ఓపికతో. అడిగిందే మళ్ళీ అడిగినా విసుక్కోదు, 'తరువాత ఎవరు' అని కేక వేయదు. ఈ కొత్త సాంకేతికత వల్ల నాకు నిజంగా ఆశ ఉన్నది కూడా ఇక్కడే. రోగి చెప్పేది విని, చీటీ తనే రాసిపెట్టే ప్రోగ్రాములు వచ్చాయి. రాత పని అవి చేస్తే డాక్టరు తల ఎత్తి మనిషి ముఖం చూడవచ్చు. అలా మిగిలిన సమయాన్ని ఇంకో పదిమంది రోగులతో నింపకుండా ఉంటేనే లెండి.

కళ్ళ గురించి కచ్చితంగా ఉండండి. ఫోనుతో తీసిన కంటి ఫోటోలో షుగరు వల్ల వచ్చే దెబ్బ కనపడదు. అది కంటిపాపకు వెనక, రెటీనా మీద ఉంటుంది. దాన్ని ఫోటో తీయడానికి వేరే కెమెరా ఉంది. ఆ ఫోటోలను చదవడంలో కృత్రిమ మేధ నిజంగానే గట్టి పనిమంతురాలు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి, గూగుల్ కలిసి ఈ పని మీద ఏళ్ళ తరబడి శ్రమించాయి. డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పగల యంత్రానికి అమెరికా 2018 ఏప్రిల్‌లో మొదటిసారి అనుమతి ఇచ్చింది, అది కూడా షుగరు రోగుల కళ్ళు చూసే యంత్రమే. అయితే ఇలాంటి ప్రోగ్రామును థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో పెట్టినప్పుడు ఏం జరిగిందో వినండి. నర్సులు తీసిన ఫోటోల్లో ఐదో వంతుకు పైగా సరిగా రాలేదని యంత్రం తిప్పికొట్టింది. చీకటి గది లేదు, ఇంటర్నెట్ నెమ్మది, బయట రోగుల వరస. చదువుతుంటే మన ఆరోగ్య కేంద్రాలే కళ్ళ ముందు మెదిలాయి. మీ అత్తయ్యకు పన్నెండేళ్ళలో ఒక్కసారైనా మందు చుక్కలు వేసి కంటి వెనక భాగం చూశారా? మీరు రాయలేదు. షుగరు ఉన్నవారికి ఏడాదికోసారి ఆ పరీక్ష జరగాలి. మసక వచ్చాక వెళ్ళడం ఇప్పటికే ఆలస్యం.

హిమోగ్లోబిన్ 9.2 అన్నారు. రక్తం తక్కువైనప్పుడు ఆ మూడు నెలల షుగరు అంకెను పూర్తిగా నమ్మలేం. ఐరన్ తక్కువైతే అది ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడినవారిలో బి12 కూడా తగ్గుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది. మూడింటిలో ఏది కారణమో తేల్చాలి.

భాష గురించి ఒక ముచ్చట. మీ ఉత్తరం వచ్చాక నేనూ ఒక ప్రోగ్రాముతో కూర్చున్నాను. 'మా అత్తయ్యకు వేడి చేసింది' అని తెలుగులో రాశాను. అది జ్వరం అనుకుంది. నుదుటి మీద తడిగుడ్డ వేయమంది, డిగ్రీలు కొలవమంది. వేడి చేసిందంటే మూత్రం మండడమో, కళ్ళు మంటలో, నోటిపూతో, ఒక్కో ఇంట్లో ఒక్కోటి. నొప్పి అన్న ఒక్క మాట చాలక మనం పోటు, సలుపు, తీపు, మంట, లాగుడు అని వేరువేరుగా చెప్పుకుంటాం. డాక్టరుకు సగం జబ్బు ఆ మాటల్లోనే దొరుకుతుంది. ఎక్కువగా ఇంగ్లీషు చదివి నేర్చుకున్న యంత్రానికి ఇది ఇంకా పట్టుబడలేదు, రేపు పట్టుబడవచ్చు. నేర్చుకున్నది ఎవరి దగ్గర అన్నది మాట విషయంలోనే కాదు, ఒంటి విషయంలోనూ లెక్కకు వస్తుంది. కరోనా రోజుల్లో అందరం వేలికి తగిలించుకున్న ఆక్సిజన్ క్లిప్పు గుర్తుందా? ఆక్సిజన్ పడిపోయినా బాగుందని ఆ క్లిప్పు చూపిన సందర్భాలు తెల్లవారిలో కంటే నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా వైద్యులు కనిపెట్టారు. చర్మం రంగు అంత చిన్న పరికరాన్నే తప్పుదారి పట్టించింది.

ఎవరి మాట వినాలని అడిగారు. ఎవరు సంతకం పెడతారో వారి మాట. దూరం నుంచి వైద్యం ఎలా చేయాలో కేంద్రం 2020 మార్చి 25న నియమాలు ఇచ్చింది. కృత్రిమ మేధ డాక్టరుకు సాయపడవచ్చు గానీ, రోగికి నేరుగా సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు అని అందులో ఉంది. రాసే చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తేడా వస్తే అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా. (ఆ నియమాల్లో ఎక్కడ చూసినా ఆర్‌ఎంపీ అని కనిపిస్తుంది. మీ వీధి చివర సూదులు వేసే ఆర్‌ఎంపీ అనుకునేరు, అక్కడ దాని అర్థం రిజిస్టరైన డాక్టరు.)

అనంతపురం వెళ్ళడం అత్తయ్యకు కష్టమైతే ఫోను వైద్యంలోనే మంచి దారి ఒకటుంది. 2019లో మొదలైన ఈ-సంజీవని ప్రభుత్వ సేవ, డబ్బు అక్కర్లేదు. మీ ఆరోగ్య కేంద్రంలో అడిగితే అక్కడి నుంచే వీడియోలో డాక్టరుతో మాట్లాడిస్తారు. కాలు నొక్కి చూడమంటే పక్కనున్న నర్సు నొక్కుతుంది. నాకు నచ్చేది ఆ అమరిక, అటు డాక్టరు, ఇటు రోగి పక్కన చేయి వేయగల ఒక మనిషి. అయితే మీ అత్తయ్యకు ఈ ఒక్కసారికి వీడియో చాలదు, రక్తపరీక్షలు, కళ్ళు రెండూ చూపించాలి. తరువాతి విడతలకు వాడుకోండి.

మీ ఇంట్లో రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి బీరువా పైన పెట్టి ఉంటారు. చాలా ఇళ్ళలో అంతే. కింద పడి కొన్ని, వానకు తడిసి కొన్ని, అక్షరాలు వెలిసిపోయి కొన్ని పోతాయి. నన్నడిగితే డిజిటల్ వైద్యం మన ప్రాంతానికి చేయగల పెద్ద మేలు ఆ సంచిని కాపాడడమే. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఆభా అని 14 అంకెల నంబరు ఇస్తున్నారు. దానికి రిపోర్టులు జతచేసుకుంటే, మీరు ఒప్పుకున్నప్పుడు కొత్త డాక్టరు పాతవన్నీ చూడగలరు. ఆ 1.1 చీటీ అలా కళ్ళ ముందుకు వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. నంబరు తీసుకోండి, కాగితాల సంచి కూడా ఉంచుకోండి. ఎవరో ఫోన్ చేసి ఆభా కోసం ఓటీపీ చెప్పమంటే మాత్రం పెట్టేయండి. మరిదికి పంపే ఫోటోల్లో పేరు, ఫోన్ నంబరు ఉన్న పై భాగం మడిచి తీయండి. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది, కానీ బయటికి పోయిన ఫోటోను ఏ చట్టమూ వెనక్కి తెచ్చి చేతిలో పెట్టదు.

ఆహారం పట్టిక మీరు పంపలేదు. ఓట్సు, క్వినోవా ఉండే ఉంటాయని పందెం కాస్తాను. కొర్రలు పండిన నేల మనది. కొర్రన్నం వండండి. రాగి సంగటికి షుగరు పెరగదన్న నమ్మకం మాత్రం వదిలించండి. పెరుగుతుంది. ముద్ద ఆమె పిడికిలికి మించకూడదు.

మానేసిన మెట్‌ఫార్మిన్ మళ్ళీ ఎంత మొదలుపెట్టాలో ఈ ఉత్తరంలో చెప్పను. చూడకుండా మోతాదు చెప్పడం ఫోను చేసినా నేను చేసినా ఒకటే. ఈ వారంలోనే తీసుకెళ్ళండి. క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్, బి12, ఐరన్ పరీక్షలు అడగండి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఈలోపు పరగడుపున రోజూ చూసి రాయండి. పదీ ఇరవై అటూ ఇటూ అయితే కంగారు పడవద్దు, ఆ పరికరానికి నూటికి పదిహేను దాకా తేడా ఉండవచ్చు. పరగడుపునే 250 దాటుతున్నా, వాంతులైనా, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా అదే రోజు బయలుదేరండి, వారం చూడవద్దు.

అత్తయ్యను ఒప్పించే పని మరిదికి అప్పగించండి. ఆమె వినేది అతని మాటే కదా. 'ఫోనే డాక్టరును అడగమంది, ఇదిగో' అని ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించమనండి. అతనితో గొడవ పడకండి, దూరంగా ఉన్న కొడుకు అమ్మ కోసం చేయగలిగింది చేశాడు. వెళ్ళే ముందు అతనికే ఇంకో పని చెప్పండి. పాత చీటీ, కొత్త చీటీ, నొప్పి మాత్ర స్ట్రిప్పు మూడూ ఫోటో తీసి పంపి, 'డాక్టరును ఏ అయిదు ప్రశ్నలు అడగాలి' అని ఆ ఫోనునే అడగమనండి. దానికి బాగా తెలిసిన పని అది. ఆ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే మీ రెండు నిమిషాలు అయిదు నిమిషాలవుతాయి.

కాలి మీద గుంట పడిందో లేదో, కొత్త క్రియాటినిన్ ఎంత వచ్చిందో నాకు రాయండి. ఆ స్ట్రిప్పు మీద ఉన్న మందు పేరు కూడా.